మెడ దాకా ఇసుక

పొద్దున తవ్వి వదిలేసిన గుంట
మిట్టమధ్యాహ్నానికి రొట్టెల పొయ్యిలా కాగింది.
"దిగు" అంది మబ్రూకా.
దిగడం ఎలాగో ఎనిమిది నెలలుగా మర్చిపోయాను.
బస్సు దిగడం, మంచం దిగడం,
చివరికి చెప్పులో కాలు దూర్చడం కూడా
మూడు విడతల పని నాకు.

ఎడమ పిరుదులో మొదలవుతుంది.
తొడ వెనక సన్నటి దారిన నడిచి
పిక్క దగ్గర కాసేపు ఆగి
చిటికెనవేలి గోరు కింద అగ్గిపుల్ల గీస్తుంది.
ముప్ఫై ఏళ్లు స్కూలు యూనిఫారాలు కుట్టినదాన్ని,
ఇంత తిన్నగా, ఇంత బిగువుగా
ఒక్క కుట్టూ వేసి ఎరగను.

దమన్‌హూర్‌లో డాక్టరు ఫిల్మును వెలుతురుకి ఎత్తి
"ఇదిగో, ఇక్కడ నరం నలుగుతోంది" అన్నాడు.
బూడిదరంగు పూసల మధ్య
నాకేమీ కనిపించలేదు.
ఇంత అరిచేది ఫోటోలో అంత మౌనంగా ఉంటుందా?
మాత్రలు కడుపును కాల్చాయి.
ఇంజక్షన్ మూడు వారాలు దాన్ని ఊరుకోబెట్టింది.
నాలుగో వారం వడ్డీతో సహా వచ్చింది.

చివరికి మా వీధి ఇస్త్రీ కొట్టు షహాత్
"సీవాకి పో, నడి ఎండాకాలంలో
ఇసుకలో పాతిపెడతారు" అన్నాడు.
"బతికుండగానా?"
"పాతడం చవకే. పైకి తీయడానికే డబ్బు."

రాత్రంతా బస్సు. కూర్చోలేక
సీట్ల వరసల మధ్య నిలబడి ఎడారి దాటాను.
డ్రైవరు అద్దంలో చూసి చూసి
"అమ్మా, టికెట్ కొన్నారుగా?" అన్నాడు.

మబ్రూకా పారతో ఇసుక తోస్తోంది.
మొదట పాదాలు. తర్వాత మోకాళ్లు.
చుర్రుమంది. కెవ్వుమన్నాను.
"అరువు. ఇసుకకి చెవుల్లేవు" అంది.
తొంటి మీద ఒక పార, రెండు, ఏడు.
మెడ దాకా కప్పి
నా ముఖం మీద గొడుగు నీడ నాటింది.

కదలడానికి వీల్లేదు.
వింతేమిటంటే
వీల్లేని చోట లెక్కలాగిపోయాయి.
ఎటు ఒత్తిగిలాలి, ఏ కాలు ముందు,
తుమ్మొస్తే దేన్ని పట్టుకోవాలి,
అన్నీ ఇసుక తీసేసుకుంది.
కింద ఎక్కడో, నాకే కనపడని నా కాలిలో,
పాలగిన్నెలో చన్నీళ్లు చిలకరించినట్టు
పొంగు తగ్గింది.

పక్క గుంటలో తల ఒకటి మాట్లాడింది:
"మీది ఎడమా? నాది కుడి."
అస్యూత్ నుంచి వచ్చిందట, పేరు ఇన్సాఫ్,
ఆస్పత్రిలో నేల తుడుస్తుంది.
"ఇద్దర్నీ కలిపితే ఒక పూర్తి మనిషి" అంది.
నవ్వితే ఇసుక కదులుతుంది, నవ్వొద్దంది మబ్రూకా.
ఎడారిలో రెండు తలలు
నవ్వాపుకోలేక అవస్థ పడటం
మీరెక్కడా చూసి ఉండరు.

తర్వాత డేరా, దుప్పటి, కారే చెమట,
వేడి వేడి మెంతినీళ్లు.
గాలి తగలకూడదు, చన్నీళ్లు ముట్టకూడదు.

మూడో రోజు సాయంత్రం చూశాను,
మబ్రూకా పార నేలకానించి
నడుం మీద చెయ్యేసుకుని
ఊపిరి సగంలో ఆగిపోవడం.
ఆ ఆగడం నాకు తెలుసు.
"మరి నిన్నెవరు పాతిపెడతారు?"
"సెప్టెంబరు రానీ, జనం తగ్గాక చూద్దాం."
"అప్పటికి ఇసుక చల్లారదూ?"
ఆమె రేపటి గుంటకి గీత గీస్తోంది.
వినిపించలేదో ఏమో.

నొప్పి పోయిందా అని ఊళ్లో అడుగుతారు.
పోలేదు. దూరం జరిగింది.
వీధి చివర మొరిగే కుక్కంత దూరం.
తిరుగు బస్సులో పదకొండో నంబరు సీటు.
కూర్చున్నాను, నలభై నిమిషాలు,
చేతిగడియారం చూసుకుంటూ.
నలభై ఒకటో నిమిషంలో లేచి నిలబడ్డాను.
అలవాటు కొద్దీ అనుకుందాం.