ఎడమ దిక్కు

సొహార్‌లో పొద్దున ఏడింటికే గాలి కాలుతోంది.
ఆసుపత్రి రెండో అంతస్తులో మాత్రం చలి.
హాల్ టికెట్ వణికింది,
ఏసీ వల్లే అని చెప్పుకున్నాను.

నాలుగేళ్ల రెసిడెన్సీ,
రాత్రి డ్యూటీల్లో తాగడం మరిచిపోయిన కరక్ చాయ్‌లు,
పోయినేడు ఇదే గదిలో ఫెయిల్.
మా అత్తగారికి బోర్డంటే నల్లబల్లే:
"ఇంకా ఎన్నాళ్లమ్మా ఆ బల్ల ముందు?"

మూడో స్టేషన్. ఏడు నిమిషాలు.
మంచం మీద చొక్కా విప్పుకుని ఒక మనిషి,
మెడలో నల్లదారం, అరచేతుల నిండా
పరంజి గొట్టాలు కాయించిన కాయలు.
కాగితం మీద: మగ, నలభై ఒకటి, ఆయాసం.
గుండె పరీక్షించండి.

డాక్టర్ ఉస్మాన్ బక్రీ వాచీ తిప్పుకుని చూశారు.
స్టెత్ ఆనించాను.
మొదటి చప్పుడు గట్టిగా, అప్పులవాడు తలుపు తట్టినట్టు.
ఆ తర్వాత ఏమీ లేదు.
ఉన్నదంతా నా చెవుల్లో నా నెత్తురే.

అప్పుడు పైకప్పు చూస్తూ, పెదవి కదపకుండా అతను:
"ఎడమ దిక్కు మర్లమను బిడ్డా.
చిన్న బిళ్లతోని విను.
శ్వాస ఇడిశి ఆపుమను."

"ఏమంటున్నాడు పేషెంట్?"
"చలిగా ఉందట సార్" అన్నాను.
పక్కకు తిప్పాను.
ఎక్కడో దూరంగా,
మూసిన వంటింట్లో తిరగలి తిరుగుతున్నట్టు,
విన్నాను.
విన్నాననే అనుకుంటున్నాను.

మైట్రల్ స్టెనోసిస్. చిన్ననాటి కీళ్లజ్వరం.
వైద్యం? బెలూన్‌తో కవాటం విప్పాలి,
ఆలస్యం కూడదు.
గడగడా అప్పజెప్పాను. పెన్ను కదిలింది. గంట మోగింది.

బయట నడవాలో చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు,
పక్కన బిర్యానీ పొట్లం, కవర్లో ఐదు రియాళ్లు.
గుగ్గిళ్ల నర్సింగం, మెట్‌పల్లి.
"ఇది నాకు పదకొండో పరీక్ష డాక్టరమ్మా,
ఒక్కసారి గూడ ఫెయిల్ కాలే."
నవ్వితే దగ్గొచ్చింది, గోడ పట్టుకున్నాడు.
"అందరికి చెప్ప. చెయ్యి వణికేటోళ్లకే చెప్త.
గని ఒకటడుగుత,
అందరు బెలూను, ఆలస్యం కూడదు అంటరు గదా.
గది ఎప్పుడు ఏస్తరు?"

సిలబస్‌లో లేదది.

పాసయ్యాను. ఫ్రేము కట్టించాను, కొంచెం వంకరగా వేలాడుతోంది.
మార్కుల కాగితంలో మూడో స్టేషన్: ఇరవైకి పంతొమ్మిది.
పోయిన మార్కు పక్కన ఉస్మాన్ గారి గొలుసుకట్టు:
రోగి పేరు అడగలేదు.

మస్కట్‌కి ఇది ఐదో ఫోను.
కంపెనీ సంతకం కావాలట,
కంపెనీకి ఇన్సూరెన్స్ కాగితం కావాలట,
వీసా మార్చి దాకానే.
లైన్లో ఉండమన్నారు, ఏదో సంగీతం పెట్టారు.
వింటున్నాను.
చెయ్యి నొప్పెడితే
ఫోను ఎడమ చెవికి మార్చుకున్నాను.