తిప్పుకు ఎన్ని వరుసలు

పుంతా అరేనాస్ రేవు కార్యాలయంలో
నాకూ బాల్తసార్ ఒయార్సున్‌కీ కలిపి
ఒకటే కుర్చీ, ఒకటే కంప్యూటర్, ఒకటే మౌస్.
పగలు నాది, రాత్రి అతనిది.
నేను వచ్చేసరికి వెళ్లిపోయి ఉంటాడు.
కుర్చీ మాత్రం ఇంకా వెచ్చగా ఉంటుంది.

పెద్దాఫీసులో చక్రం తిప్పేవాళ్లు వేరే ఉన్నారు.
మాకున్నది మౌస్ నడుమ గోరంత చక్రం.
గొడవ దాని దగ్గరే వచ్చింది.
వేలు కదిపానో లేదో
జలసంధి దాటిన ఓడల పట్టీ
మెట్ల మీంచి జారిన బకెట్‌లా
దడదడా పోయింది.

సెట్టింగ్స్ తెరిచి చూశాను.
ఒక్క తిప్పుకు తొమ్మిది వరుసలు!
సూపు ఎవరైనా అలా తాగుతారా?
ఒకటికి దించాను.

మర్నాడు మళ్లీ తొమ్మిది.

నాకు ఒకటే ఎందుకు కావాలో చెబుతాను.
రెండేళ్ల కింద, చమురు ఓడకీ ఉన్ని ఓడకీ మధ్య
ఒక పీతల పడవ పేరు ఇరుక్కుని ఉంది:
గోలోంద్రీనా, మనుషులు ముగ్గురు,
తిరిగివచ్చిన వేళ దగ్గర ఖాళీ.
చక్రం మూడు వరుసలు దూకింది, దానితో నేనూ దూకాను.
మధ్యాహ్నం ఒకామె ఫోన్ చేసి అడిగేదాకా
ఆ ఖాళీ నాకు కనపడలేదు.
పడవ దొరికింది, మనుషులూ దొరికారు,
ఇంజను చెడి ఏదో దీవి చాటున
పట్టిన పీతల్నే కాల్చుకు తింటూ.
అయినా ఆమె గొంతు నా చెవిలోంచి పోలేదు.
అప్పటినుంచి వరుసకొక తిప్పు,
పప్పులో రాళ్లేరినట్టు.

అతనికి తొమ్మిది ఎందుకో ఎవరూ చెప్పలేదు.
ఊహించుకున్నాను:
పట్టీ అడుగున, చివరి వరుసలోనే కదా అతని పని,
ఇప్పుడొచ్చిన ఓడ, ఇప్పుడు వీచిన గాలి.
పైనున్నదంతా అతనికి నిన్న.

ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకోవడమెందుకని
పై అధికారికి చెప్పలేదు.
అగ్గిపుల్లతో చక్రం సందులో మురికి తీశాను.
రొట్టె పొడి, మాతే ఆకు నలుసు,
ఒక తెల్ల వెంట్రుక.
ముసలివాడన్నమాట, అనుకున్నాను.
లేదా పిల్లిని పెంచుతాడు.

జూన్‌లో ఇక్కడ తెల్లారేది పది గంటలకి.
అలాంటి ఒక చీకటి ఉదయం,
గాలికి కిటికీ పళ్లు కొరుకుతుంటే
సెట్టింగ్స్ తెరిచాను. ఐదు.
తొమ్మిదికీ ఒకటికీ నట్టనడుమ.
సంతలో బేరగాడిలా దిగివచ్చాడు.

ఐదుతో నాకు పని జరగదు.
అయినా కాఫీ చల్లారేదాకా దాన్ని ముట్టుకోలేదు.
సాయంత్రం వెళ్లేముందు
నా ఒకటి తీసేసి నాలుగు పెట్టాను.
పొద్దున చూస్తే నాలుగే ఉంది.
ప్యాడ్ మీద, కాగితంలో చుట్టిన
ఒక తేనె మిఠాయి.

ఆగస్టులో కొత్త యంత్రాలొచ్చాయి.
ఎవరి పేరు వారిది, ఎవరి పాస్‌వర్డ్ వారిది.
ఎదూవిహెస్ మాన్సీయా అని కొట్టి లోపలికెళితే
ఎప్పుడూ ఒకటే. ఎవరూ మార్చరు.
బాల్తసార్ తొమ్మిది అతని తలుపు వెనక భద్రం.
సమస్య తీరిందని కాగితం మీద సంతకం కూడా పెట్టాను.

నిన్న పని తొందరగా అయిపోయింది.
ఎవరూ చూడకుండా తొమ్మిదికి పెంచి
గట్టిగా తిప్పాను.
చమురు, ఉన్ని, పీతలు, గాలి వేగం,
అన్నీ నేల నుంచి పైకి కురిసే మంచులా ఎగిరిపోయి
చిట్టచివరి ఖాళీ గడిలో ఠక్కున ఆగాయి.
అక్కడ కర్సర్ మిణుకుతోంది.
రాత్రంతా కూర్చునేది ఇక్కడన్నమాట.

కుర్చీ ఎత్తు మార్చే మీట మాత్రం
ఇంకా ఇద్దరికీ ఒకటే.
పొడుగు మనిషి. రోజూ వచ్చీ రాగానే
రెండంగుళాలు దించుకుంటాను.
ఇవాళ ఒకటే దించాను.