చక్రాలకు నీళ్ళు

ఎనభై ఏడులో, విల్కేనియా ఆస్పత్రిలో
నేను పనిచేసిన ఆ ఒక్క వేసవిలో,
పాత గుర్రాలశాల తాళంచెవి
మెర్ల్ ట్రెవాస్కిస్ బొడ్లో ఉండేది.
డెబ్భై దాటినా తలుపు తనే తోసేది,
నన్ను తొయ్యనిచ్చేది కాదు.

లోపల, గోనెపట్టాల కింద,
వాళ్ళ నాన్న తపాలా కారు.

అంతా ఇనుమనుకున్నాను.
రేకు చిరిగినచోట వేలు పెడితే
కర్ర తగిలింది.
తలుపు చట్రం కర్ర, కాళ్ళకింద పలక కర్ర,
కప్పు మోసే వంపులు ఆవిరిపట్టి వంచిన కర్ర.
ఇంజను తీసేస్తే
సగం మంచం, సగం పడవ.

చక్రానికి పన్నెండు పుల్లలు.
హికరీ అంది, అమెరికా నుంచి ఓడెక్కి వచ్చిందంది.
"మా భాషలో వీటిని ఆకులంటాం" అన్నాను.
ఆమె నవ్వలేదు. కాసేపు ఆలోచించి
"అయితే ఎండిపోవడం సబబే" అంది.

ఎండిపోయేవట.
జనవరి ఎండకి కర్ర ముడుచుకుని
ఆకుకీ పూటీకీ మధ్య గోరు దూరేంత సందు.
కారు కదిలితే నిద్రలో పళ్ళు కొరికే చప్పుడు.
ఆ చప్పుడు విని, మైలు దూరంలోనే,
గొర్రెల దొడ్ల దగ్గర ఆడవాళ్ళు
టీకి నీళ్ళు పడేసేవాళ్ళట.

పొద్దుగూకితే నాన్న
ఉత్తరాల సంచులు ఒడ్డున దించి
కారుని డార్లింగ్ నదిలోకి తోలేవాడు,
ఇరుసు మునిగీ మునగనంత లోతుకి.
రాత్రంతా చక్రాలు తాగేవి.
వెనకసీట్లో తొమ్మిదేళ్ళ మెర్ల్
కర్ర ఉబ్బడం వినేది:
టిక్కు.
చాలాసేపటికి, ఇంకో టిక్కు.

ఒక ఏడు నది నడవడం మానేసింది.
బురద, బురదలో చేపల వాసన.
రేడియేటరుకి వేలాడే కాన్వాసు సంచిలో
ఆఖరి నీళ్ళు.
గోనెగుడ్డ తడిపి ముందు చక్రాలకి చుట్టాడు,
మిగిలింది నాకిచ్చాడు.
"ఆ వరస మీద నాకింకా కోపమే,"
అంటూనే మడ్‌గార్డు మీది దుమ్ము
చేత్తో తుడిచింది.

వెళ్ళబోతూ కుళాయి దగ్గరికెళ్ళి
చెంబుడు నీళ్ళు తెచ్చి
ఎడమవైపు ముందు చక్రానికి పోసింది.
అదొక్కదానికే. ఎందుకో అడగలేదు.
బూడిదరంగు కర్ర
తేనెరంగులోకి తిరిగింది,
ఒక ఆకు, దాని పక్కది, దాని పక్కది.

నేను వంగి చెవి ఆనించాను.
ఏమీ లేదు.

"రాత్రంతా పడుతుందమ్మాయ్," అంది
తాళం వేస్తూ.