చేతిలో ఉప్పు

వాయుగుండం మూడో రోజు.
ఇసకపల్లి కొఠార్లలో నీళ్లు నిలిచి
ఏది కయ్యో ఏది కాలవో తెలీడం లేదు.
పని లేదు.
పని లేదని చెప్పడానికి మేస్త్రీ కూడా రాలేదు.

రేత్రి కరెంటు పోయినప్పుడు
మంచినీళ్ల కోసం లేస్తే
కాలి కింద ఏందో, మెత్తగా, చల్లగా.
జలగనుకొని అరిచా.
మా సుబ్బరాయుడు సెల్లు లైటేసి చూసి
"జలగ కాదు మే, నత్త.
గుల్ల యాడో పారేసుకున్నట్టుండాది"
అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

నత్తలు నాకు తెలీనివా?
చిన్నప్పుడు గట్ల మీద ఏరి, ఉడకేసి,
చింతపులుసు పోసుకొని తిన్నదాన్నే.
వాటికి తలుపుంటుంది,
అలికిడైతే మూసుకుంటాయి.
దీనికి తలుపు లేదు, గోడ లేదు,
ఒళ్లంతా వాకిలే.

తెల్లారి చూస్తే
బియ్యం డబ్బా మీద ఒక గీత,
రేషన్ కార్డు దాచిన అట్టపెట్టె మీద ఒక గీత,
మా అత్త ఫోటో అద్దం మీద, సరిగ్గా ముక్కు కింద,
మీసం మాదిరి ఇంకో గీత.
నవ్వొచ్చింది.
ఆమె బతికుంటే
ఆ మీసానికి కూడా నన్నే తిట్టేది.

పక్కింటి మస్తానమ్మ తొంగి చూసి
"దీనికింత ఆలోచనేందిమే?
ఉప్పు తీసేదానివి, నీకు ఉప్పుకి కరువా?
పిడికెడు పోసెయ్, నీళ్లయిపోద్ది" అంది.

ఆ రేత్రి నీళ్లతొట్టి పక్కన మూడు దొరికాయి.
పెద్దది, నడిపిది, చిన్నది.
గోతంలో చెయ్యి పెట్టి పిడికెడు తీశా,
పెద్దదాని మీద పోశా.

అది అరవలేదు.
నురగ కక్కుకుంటా, మెలికలు తిరగతా
ఉన్న కాస్త ఒంటినీ లోపలికి లాక్కుందామని చూసింది.
లోపల అనేది ఉంటే కదా.

నా అరికాళ్లు మండినయ్.

ఎండాకాలం, కయ్యలో చీలమండ లోతు నీళ్లు,
పట్టీ పట్టిన ఉప్పుని పలకతో లాగతా లాగతా ఉంటే
మడమ పగుళ్లలోకి దిగేది చూడూ,
ఆ మంట.
మొదటేడు కొత్త కోడల్ని, గట్టు మీద కూర్చోని ఏడిచా.
"అలవాటైపోద్దిలే" అన్నాడు మేస్త్రీ.
అయింది.
నురగ బయటికి కనపడకుండా చూసుకోడమే
అలవాటంటే.

చెంబుతో నీళ్లు తెచ్చి పోశా, ఇంకో చెంబు పోశా.
ఆలస్యమైంది.
మిగతా రెండూ ఏమీ ఎరగనట్టు
తొట్టి అంచు ఎక్కతా ఉండాయి,
రెండు కొమ్ములూ ఇట్టా చాపి,
చీకట్లో గుడ్డోళ్లు చేతులు చాపినట్టు.
పిడికిట్లో మిగిలిన ఉప్పు చెమ్మకి కరిగి
వేళ్ల సందుల్లోంచి మోచేతి దాకా కారింది.

ఆనపకాయ తొక్క మీదికి ఎక్కించుకొని
దొడ్లో తోటకూర కాడ వదిలా వాటిని.
మర్నాడు రేత్రికి మళ్లీ వచ్చాయి.
మళ్లీ తొక్క, మళ్లీ తోటకూర.
నాలుగు రోజులు అదే పని,
కూలీ లేని పని.
ఆకులన్నీ జల్లెడైనయ్.
సుబ్బరాయుడు కంచంలో పప్పు కలుపుకుంటా
"ఆకు ఏదిమే దీంట్లో?" అన్నాడు.
గమ్మునుండి తినమన్నా.

"పోయినయ్యా?" అనడిగింది మస్తానమ్మ.
పోయినయ్ అని చెప్పా.
ఉప్పు గోతం మూతి
పురికొసతో బిగించి అటక మీద పెట్టా.
కూరకి కావాల్సినప్పుడు
నిచ్చెన వేసుకోవాల్సొస్తోంది.

నిన్న ఎండ కాసింది.
కయ్యల్లో నీళ్లు తోడాలని మేస్త్రీ కబురు పంపాడు.
పొద్దున్నే క్యారేజీ పట్టుకొని బయల్దేరితే
గడపకి అడ్డంగా, ఆరిపోయి, వెండిపోగు మాదిరి ఒక గీత.
లోపలికి వచ్చిందో
బయటికి పోయిందో
గీతని చూసి చెప్పలేం.

కాలెత్తి
దాటి పొయ్యా.