పద్నాలుగో ప్రశ్న

అంకీసలో నలభై ఫారాలు,
ఒక్కోదానికి ఎనభై రూపాయలు.
గ్రాంటు నాగపూరు మేడమ్‌ది, కాళ్లు నావి.

పద్నాలుగో ప్రశ్న:
గత రెండు వారాల్లో మీకు ఒంటరితనం అనిపించిందా?
లేదు, అప్పుడప్పుడు, తరచుగా.
మరాఠీలోంచి తెలుగులోకి దిగేసరికి
మాట కొంచెం ఎండిపోయింది.

బాణామతి చేస్తదని ఊరు వేలు చూపిన లస్మక్క
చాట పక్కకు జరిపి చెప్పింది:
"బోరింగు కాడికి నేను పోతే
అందరు బిందెలు ఎత్తుకుంటరు బిడ్డా.
నాకు లైనుండదు.
నీళ్లు జెప్పన దొరుకుతయి."

ఏ గడిలో టిక్కు పెట్టను?
వేలిముద్ర సిరా ఆరేదాకా ఆలోచించి
'తరచుగా'లో పెట్టాను.

వానాకాలం దాటాక అవార్డు వచ్చింది.
మేడమ్ ఫోటో పంపింది:
శాలువా, ఇత్తడి ఫలకం, పక్కన ఎవరో పెద్దాయన.

లస్మక్కకు చూపించాను.
ఫోను అందుకోలేదు,
అలవాటుగా చేతులు వెనక్కి పెట్టుకునే చూసింది.
"శాలువా కప్పినాయన
ఆమెను ముట్టుకున్నడా?"

ముట్టుకున్నాడన్నాను.
"మంచిగయింది" అంది,
మళ్లీ చాట అందుకుంటూ.

నలభై ఫారాల్లో ఎక్కడా లేనిదొకటుంది.
మొదటిరోజు ఆమె పోసిన చాయ్
గ్లాసుతో సహా బయటికి తెచ్చి
కంచె మొదట్లో పారబోశాను.
చూసిందో లేదో
అడగడానికి
నా దగ్గర ప్రశ్న లేదు.