బారెడు పొడవు, మూరెడు వెడల్పు

సెప్టెంబరు చివరి శనివారం.
ఫ్రీస్‌లాండ్‌లో ఆకాశం ఎప్పటిలాగే
నేలకంటే ఎక్కువ చోటు ఆక్రమించుకుని ఉంది.
నర్సరీ కట్టేసే వేళకి ట్యాలింగ్ వచ్చాడు,
జేబులోంచి పురికొస తీసి నా బల్ల మీద పరిచాడు.
"ఇంత పొడవు, బౌక్యా. ఇదిగో, ముడి దాకా వెడల్పు.
బొగ్గుల కొట్టం పడగొడితే మిగిలిన నేల.
ఒక్క మొక్కే పడుతుంది. ఏదిస్తావు?"

కాలువ తలుపులు తెరుస్తూ మూస్తూ
నలభై ఏళ్లు పడవల్ని దాటించిన మనిషి.
ఆయనకి తొందర లేదు. బస్సు నాకు.

ముందు గడ్డి చూపించాను. పానికం.
చిరుధాన్యాలకి దగ్గరి చుట్టం.
గడ్డిపోచే కదా అని తీసిపారేయకండి, అన్నాను.
ఎరువడగదు, ఊతకర్ర అడగదు.
ఆగస్టులో వెన్ను తీస్తే
పొగమంచు దారి తప్పి వచ్చి మీ పెరట్లో నిలబడ్డట్టుంటుంది.
దేన్నీ దాచదు:
దాంట్లోంచి కిటికీ కనిపిస్తుంది,
కిటికీలో మీ పిల్లి కనిపిస్తుంది.
అక్టోబరుకి పసుపు పూసుకుంటుంది.
చచ్చాక కూడా, జనవరిలో,
అన్నీ నేలలో తల దాచుకున్నప్పుడు
అదొక్కటే నిలబడి ఉంటుంది.

"మరి నేను చెయ్యాల్సింది?"
ఫిబ్రవరి ఆఖర్లో జానెడుకి కోసెయ్యడం.
పావుగంట పని.
"తక్కిన ఏడాదంతా?"
చూడ్డమే.
"చూశాను," అన్నాడు. "నలభై ఏళ్లు నేను రెల్లుని చూశాను,
రెల్లు నన్ను చూసింది. ఇద్దరం ఏమీ తేల్చుకోలేదు."

ఇక హెలీనియం.
ఇటుక రంగు రేకులు వెనక్కి విరుచుకుని,
నడుమ కుంకుడుకాయంత గోధుమ రంగు బొడిపె.
నిజం చెప్పాలి కదా, చెప్పాను:
ఏప్రిల్లో నత్తలు నాకేస్తాయి.
జూన్‌లో తుంచాలి, జూలైలో కట్టాలి,
వాడిన పువ్వు వాడినట్టే గిల్లాలి.
ఒక్క వారం నీళ్లు మరిచారా, అలుగుతుంది.
మూడేళ్లకోసారి తవ్వి చీల్చకపోతే
నడినెత్తిన బట్టతల వస్తుంది.
చలికాలంలో మీకు మిగిలేది
మట్టిలో గుచ్చిన పేరు చీటీ.

ఆయన టోపీ తీసి
తన నెత్తి ఒకసారి తడుముకున్నాడు.
తర్వాత వేళ్లు మడిచాడు:
"ఇప్పుడు డెబ్బై తొమ్మిది.
ఎనభై రెండుకి ఒకసారి.
ఎనభై అయిదుకి ఇంకోసారి."
మూడో వేలు మడవలేదు.
చెయ్యి జేబులో పెట్టుకుని
"ఇదే కట్టివ్వు," అన్నాడు.

బస్సు పోయింది.

తర్వాతి ఏప్రిల్లో సీసా పట్టుకుని వచ్చాడు,
నిండా నత్తలు, లెక్కపెట్టి మరీ: అరవై రెండు.
అంత సంతోషంగా తిట్టే మనిషిని నేను చూడలేదు.
నత్తల్ని తిట్టాడు, గాలిని తిట్టాడు, నన్ను తిట్టాడు.
రాత్రి పన్నెండింటికి టార్చి పట్టుకుని పెరట్లోకి పోతుంటే
"ఆ మొక్కతోనే కాపురం చెయ్యి" అందట హిస్కె.
జూలైలో రాలేదు. పూసిందేమో అనుకున్నాను.

మూడో అక్టోబరు.
వార్తాపత్రికలో చుట్టిన తడి మూట బల్ల మీద పెట్టాడు.
"పారతో రెండు చేశాను. చెక్క చీలినట్టు చప్పుడైంది.
సగం నీది."
నాకు పెరడు లేదు, ట్యాలింగ్.
మూడో అంతస్తు, నాలుగడుగుల బాల్కనీ.
"బకెట్టు లేదూ?"

బకెట్టు ఉంది.
ఆ శనివారం ఆయన వద్దన్న పానికం కూడా
అక్కడే మూల ఉంది. ఎవరూ కొనలేదు,
సగం ధరకి నేనే తెచ్చుకున్నాను.
మూడేళ్లుగా నన్ను ఏమీ అడగలేదది.
నేనూ దాన్ని అంతగా తలచుకోలేదని
ఇవాళ బకెట్టుకి చోటు చేస్తూ జరుపుతుంటే తెలిసింది.

రాత్రి గాలి లేచింది.
ఊతకర్ర కొనాలి.
నత్తలు మూడంతస్తులు ఎక్కగలవో లేదో
ఆయన్ని అడగాలి.