పదిహేనులో ఐదో వంతు

ఆ ఊరి పేరుకు పడవ అని అర్థం.
నది మాత్రం కనపడదు.
మిల్లుల కోసం ఎప్పుడో దాన్ని గొట్టాల్లోకి దించి
పైన రాళ్లు పరిచేశారు.
వూచ్ ట్రాములు ఇప్పటికీ దాని నెత్తి మీదుగానే పోతాయి.
"కనపడనంత మాత్రాన లేనట్టా?" అంది బొగుమీవా.
నాకు మొదటి పాఠం అదే.

రెండో పాఠం మేజోడు.
ఆడవాళ్ల పొడుగు మేజోడు అంచు కత్తిరించి
ఒక్క దారం లాగి
నల్లగుడ్డ మీద పడుకోబెట్టి
సూదిమొనతో విడదీస్తే
అందులో ఐదు పోగులు.
ఈ రాత్రికి ఒకటి చాలు.
మిగతా నాలుగూ రేపటికి, ఎల్లుండికి,
తెగిపోయే రోజులకి.
ఊపిరి బిగపట్టే చెయ్యాలి ఈ పని.
తుమ్మితే పొద్దుటి కష్టమంతా గాలిపాలు.

"ఉంగరం ఎగరదురా రాదొమీర్,
నువ్వే కాస్త వెనక్కి వాలతావు.
లోకం ఉంగరాన్ని చూస్తుంది,
వాలినదాన్ని ఎవరు చూస్తారు?"

ఇరవై రెండేళ్లు మేజోళ్ల మిల్లులో
తెగిన చోటల్లా ముడి వేసిన చేతులవి.
మిల్లుకి తాళం పడింది,
చేతులకి ఎవరూ ఆ కబురు చెప్పలేదు.

నవంబరు ఆదివారం, నేలమాళిగలో సారా దుకాణం.
బీట్‌రూట్ చారు వాసన, తడి కోట్ల వాసన.
పోగు ఒక కొస ఆమె చెవి వెనక, గింజంత మైనంలో.
రెండో కొస తలుపు దగ్గర
నా చొక్కా రెండో బొత్తానికి.
గాలిని లోపలికి రానివ్వకపోవడం,
అతిగా ఊపిరి తీయకపోవడం:
ఇదీ నా ఉద్యోగం.

కుళాయిలు బాగుచేసే అతని పెళ్లి ఉంగరం
వేలి నుంచి లేచింది.
చంద్రుడికి నూలుపోగు ఇచ్చుకున్నట్టు
బొగుమీవా దాన్ని మెల్లగా
పసుపుపచ్చ బల్బు దాకా పంపింది.
చెంచాలు ఆగాయి.
ఎవరి గ్లాసులోనో నురుగు చిట్లడం
నాకు వినపడింది.

అప్పుడే వెనక బల్ల నుంచి ఎవుస్తాహి లేచాడు.
చేతిలో తెల్ల కర్ర.
కనికట్టు అంటాం కదా,
కట్టాల్సింది కన్నే అయితే
చూపు లేనివాణ్ని దేంతో కడతావు?
నేను కేకేద్దామనుకున్నాను.
కేకేస్తే గుట్టు పోతుంది,
కెయ్యకపోతే పోగు పోతుంది.

అతను ఆగాడు.
చెంప మీద ఏదో తగిలింది.
నువ్వూ నేనూ అయితే
సాలెపోగనుకుని తుడిచేసుకుంటాం.
అతను బొటనవేలూ చూపుడువేలూ కలిపి
ఇంత గాలిని చిటికెలో పట్టి
నలిపి చూశాడు.
ఆ నలుపు నా బొత్తాం దగ్గర,
గుండె మీద, తెలిసింది.

"పదిహేను డెనియర్‌లో ఐదో వంతు,"
అన్నాడు, తనలో తాను.
"రెండో షెడ్డు సరుకు."

ఆ తర్వాత, మిషను కింద దూరడం
అలవాటున్నవాడిలా తల వంచి
పోగుని నెత్తి మీదుగా దాటించి
మరుగుదొడ్డి వైపు వెళ్లిపోయాడు.

పోగు తెగలేదు.
బొగుమీవా వాలడం మరిచిపోయింది.
ఉంగరం జారి జారి
ఎవరి చారులోనో టప్పున పడింది.
జనం బల్లలు చరిచారు, ఈలలు వేశారు,
అదే అసలు ఆట అనుకుని.

మూసే వేళకి అడిగాను, ఎవరతను అని.
ఆమె మైనాన్ని వేలి మీద ఉండలు చేస్తూ
చాలాసేపు ఊరుకుంది.
"రెండో షెడ్డులో మాట వినపడేది కాదు.
ఎక్కడైనా తెగితే
పక్కనున్న తాడు లాగేదాన్ని.
గోడ అవతల ఎవరో మిషను ఆపేవాళ్లు.
ఎన్నడూ ఆలస్యం కాలేదు.
ముఖం చూడలేదు. పేరు అడగలేదు."

అతనేనా? అన్నాను.

నా బొత్తానికి ఇంకా వేలాడుతున్న పోగు
వీధిదీపం పడి
ఒక్క క్షణం మెరిసింది.
దాని రెండో కొస ఎక్కడుందో
ఇద్దరిలో ఎవరం చూడలేదు.

"తలుపు వెయ్యి," అంది బొగుమీవా,
"గాలొస్తోంది."